లేని ముల్లు

మా ప్రార్థన మందిరంలో ఎవరూ గొంతుకూర్చోరు. నిలబడవచ్చు, మోకరించవచ్చు, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చు. కానీ బరువంతా పాదాల మీద వేసి, మోకాళ్ళు రొమ్ముకు ఆనించి ముడుచుకునే ఆ కూర్చోవడం మాత్రం ఆ నాలుగు గోడల లోపల పనికిరాదు. ఎల్లారెడ్డిలో మా మందిరానికి ఇంకా మట్టి గోడలున్నప్పుడు మా తాత పెట్టిన నియమం అది. ఆయన తన జీవితంలో సగం కాలం దొర వాకిట్లో అలాగే కూర్చున్నాడు. పని చెప్పేదాకా, తిట్లు అయిపోయేదాకా, పొమ్మనేదాకా. నిలబడితే పొగరు, అరుగు మీద కూర్చుంటే నేరం. బాప్తిస్మం తీసుకున్నాక మొదటి ఆదివారం మావాళ్ళంతా అలవాటు కొద్దీ గోడ వెంట గొంతుకూర్చుంటే, "ఈడ దొర లేడు. లేచి నిలవడుండ్రి" అన్నాడట. ఆ మాట మా సంఘంలో వాక్యంతో సమానంగా నిలిచిపోయింది.

నేను ఆ మాట వింటూ పెరిగాను. తాత తర్వాత మా బాపు సంఘానికి అయ్యగారయ్యాడు. నేను టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ సండే స్కూల్ పిల్లల బాధ్యత తీసుకున్నాను. డెబ్భైల చివరి సంవత్సరాలవి. నాకు ఇరవై ఒకటో రెండో. లేఖనాలు చాలా భాగం కంఠతా వచ్చు. కంఠతా వచ్చినవన్నీ అర్థమయ్యాయనే అనుకునే వయసు. నా పిల్లలు ప్రార్థన సమయంలో జొన్నచేను వరుసల్లా నిటారుగా నిలబడేవారు. పక్క ఊళ్ళ నుంచి వచ్చిన అయ్యగార్లు చూసి మెచ్చుకుంటే, స్తోత్రం దేవునికి చెప్పి సంతోషం నేను దాచుకునేదాన్ని.

ఆ వరుసలో ఒక్క పిల్ల నిలిచేది కాదు. ఆమె మా అన్న కూతురు.

అన్న రైసు మిల్లులో పని చేసేవాడు. వదిన నాట్లకూ కోతలకూ పోయేది. వాళ్ళు పనికి పోతే పిల్ల నా దగ్గరే ఉండేది. నాలుగేళ్ళది. బక్కగా, చురుగ్గా, ప్రతిదానికీ ప్రశ్న వేసేది. పెదవులు ఎప్పుడూ కొంచెం నల్లగా ఉండేవి. చేతివేళ్ళ చివరలు ఉబ్బి గుండ్రంగా ఉండేవి. రంగు వాళ్ళమ్మ వైపు నుంచి వచ్చిందని మేం అనుకున్నాం, వేళ్ళు మా వైపు నుంచి వచ్చాయని వదినవాళ్ళు అనుకున్నారు. మా పక్కింట్లో ఒక దర్జీ కుటుంబం ఉండేది. ఆయన భార్య బీడీలు చుట్టేది, ఆమెను మేమంతా ఖాలా అనేవాళ్ళం. ఆమె ఒకరోజు పిల్ల గదువ పట్టుకుని, "ఏంది బేటీ, నేరేడుపండ్లు తిన్నవా? గీ చలికాలంల నీకేడ దొర్కినయ్?" అని అడిగింది. పిల్ల నాలుక బయటపెట్టి చూపించింది. అదీ నీలంగానే ఉంది. ఖాలా నవ్వలేదు.

ఇంటి నుంచి మందిరానికి నాలుగు వందల అడుగులుంటాయేమో. ఆ దూరంలోనే పిల్ల రెండుసార్లు ఆగి గొంతుకూర్చునేది. మోకాళ్ళ మీద గదువ ఆనించి, కళ్ళు సగం మూసి, కాసేపు అలా ఉండి, తనంతట తనే లేచి మళ్ళీ నడిచేది. ఒక ఆదివారం ఖాలా గడప ముందు అలా కూర్చుంది. నేను జబ్బ పట్టి లేపబోయాను.

"జరసేపు కూసోనియ్యి," అంది ఖాలా. "పిల్లకు దమ్ము సాలుతలేదు. గదే లేస్తది."

"ప్రార్థన యాళ్ళయింది ఖాలా. గీ పాడలవాటు ఈడ్నే మాన్పియ్యాలె. లోపటికొచ్చి గూడ గిట్లనే కూసుంటది."

"కూసొనే చెయ్యమను. మా నమాజ్ గూడ సాతగానోళ్ళు కూసొనే చేస్తరు. అల్లా ఏమన్న కొట్టిండా?"

నేను నవ్వి ఊరుకున్నాను. వాళ్ళ నమాజు వేరు, మా క్రమం వేరు అనుకున్నాను. బీడీలు చుట్టుకునే ముసలామెకు ఆ రోజు దేవుడు చూపించింది నాకు చూపించలేదు అని చాలాకాలం సరిపెట్టుకున్నాను. అది కూడా నిజం కాదు. ఇద్దరికీ ఒకే పిల్లను చూపించాడు.

లోపల, పెద్ద ప్రార్థన జరుగుతుండగా, వరుస మధ్యలో ఆమె తల మాయమయ్యేది. నేను వెళ్ళి లేపేదాన్ని. "లే. ఇది దొర వాకిలి గాదు," అని చెవిలో అనేదాన్ని.

"దొర అంటె ఎవరత్తా?" అని అడిగింది ఒకసారి.

ఆ ప్రశ్నకు పక్క పిల్లలు నవ్వారు. నేను ఆమె చెవి మెలేశాను.

రెండు మూడు నెలలు వెంటపడ్డాక మందిరంలో ఆ అలవాటు మానింది. నిలబడేది. ముందున్న పిల్ల భుజం పట్టుకుని, నోరు తెరిచి గాలి పీలుస్తూ నిలబడేది. నేను గెలిచాననుకున్నాను. కానీ బయట నడుస్తున్నప్పుడు ఇంకో కొత్త అలవాటు మొదలైంది. ఉన్నట్టుండి కూర్చుని కాలు పట్టుకునేది.

"ఏమైంది?"

"ముల్లిరిగింది అత్తా."

మొదట్లో నేను కూడా కూర్చుని వెతికేదాన్ని. పాదం తిప్పి, సూది తెచ్చి, ఎండకు పెట్టి చూసేదాన్ని. ఆ వెతికేంతసేపూ ఆమె మోకాలు రొమ్ముకు నొక్కుకుని మెల్లగా ఊపిరి తీసేది. ముల్లు దొరికేది కాదు. "పోయిందేమో," అని లేచేది. నాలుగోసారికో అయిదోసారికో నాకు అర్థమైంది ముల్లు లేదని. మా తుమ్మల దారిలో ముళ్ళకు కొరత లేదు కాబట్టి అంతకాలం నమ్మాను. అప్పుడు ఆమెను కూర్చోబెట్టి, అబద్ధమాడే నాలుక గురించి నాకు తెలిసిన వాక్యాలన్నీ చెప్పాను. దేవునికి అన్నీ కనిపిస్తాయని చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "ముల్లు లేదని గూడ ఎర్కనా దేవునికి?" అంది. "ఎర్కే," అన్నాను. "మరి ఏమంటలేడు గద," అంది.

నేను ఒక వాక్యం పదిసార్లు అప్పజెప్పమన్నాను.

ఆ సంవత్సరం ఎండాకాలం ఆమెకు జ్వరం వచ్చి తగ్గలేదు. మా ఊళ్ళో సూది వేసే కాంపౌండర్ రొమ్ము మీద గొట్టం పెట్టి, ఏదో చప్పుడు తేడాగా ఉంది, కామారెడ్డిలో పిల్లల డాక్టరుకు చూపించమన్నాడు. అన్నకు మిల్లులో సెలవు దొరకలేదు. వదిన డాక్టర్ల ముందు మాట్లాడలేనంది. "నువ్వు సదువుకున్నదానివి, నువ్వు జెప్పు చెల్లె," అంది. అట్లా నేను వెంట వెళ్ళాను. ఏం చెప్పాలో తెలిసిన మనిషిగా.

కామారెడ్డి బస్టాండులో దిగి నడిచాం. గంజ్ మార్కెట్లో బెల్లం బండ్లు వరుసగా నిలిచి ఉన్నాయి, ఎండకు కరిగిన బెల్లం వాసన రోడ్డంతా ఉంది. పిల్ల బెల్లం అడిగింది. కొంచెం దూరం పోయి కూర్చుంది. "ముల్లు," అంది. లేచింది. మళ్ళీ ఇంకొంచెం దూరంలో కూర్చుంది. ఈసారి ఏమీ అనలేదు, నా మొహం వైపు చూసింది. డాక్టరు ఇంటి మెట్ల దగ్గర మూడోసారి కూర్చుంది. వదిన ఆమెను ఎత్తుకుంది. అయిదేళ్ళ పిల్లను ఎత్తుకుంటావా అని నేను విసుక్కున్నాను.

డాక్టరు కోస్తా వైపు మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. చాలాసేపు గుండె విన్నాడు. గోళ్ళు నొక్కి చూశాడు. పెదవులు చూశాడు. ఆ రోజు జ్వరం వల్ల పిల్ల మొహమే కందిపోయి ఉంది. రక్తం కూడా తక్కువగా ఉండడంతో నీలం తెలిసీ తెలియనట్టుందని ఆయన తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. అప్పుడు ఒక ప్రశ్న అడిగాడు.

"నడుస్తూ నడుస్తూ మధ్యలో ఇలా కూర్చుంటుందా?"

ఎట్లాగో చూపించడానికి ఆయన కుర్చీలోంచి లేచి, తెల్లకోటుతోనే నేల మీద గొంతుకూర్చున్నాడు.

ఆ క్షణంలో నాకు కనబడింది డాక్టరు కాదు, మా తాత. నా చెవికి వినబడింది గుండె గురించిన ప్రశ్న కాదు. మీరు అట్లా కూర్చునే మనుషులా అని అడిగినట్టే వినబడింది. వదిన ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. అంతకన్నా ముందే నేను చెప్పాను.

"లేదు సార్. మా ఇండ్ల అసుంటి అలవాటు లేదు."

వదిన నా వైపు చూసింది. నోరు మూసుకుంది.

"బాగా గుర్తు చేసుకోండి. ఎప్పుడైనా?"

"లేదు సార్."

ఆయన లేచి కోటు దులుపుకుని చీటీ మీద ఏదో రాశాడు. గుండెలో చిన్న రంధ్రం కావచ్చు, కొందరికి పెరిగే కొద్దీ మూసుకుపోతుంది, ఆరు నెలలకోసారి తెచ్చి చూపించండి అన్నాడు. "ఒకవేళ కూర్చోవడం మొదలుపెడితే మాత్రం ఆలస్యం చేయొద్దు. తిన్నగా హైదరాబాద్ తీసుకెళ్ళాలి. అప్పుడది వేరే జబ్బు." ఈ మాట ఆయన స్పష్టంగా, నా కళ్ళలోకి చూసి చెప్పాడు. అప్పటికైనా నేను చెప్పవచ్చు. మెట్ల దగ్గర ఇప్పుడే కూర్చుంది సార్ అని ఒక్క మాట. అది జబ్బు కాదు, నేను మాన్పించిన అలవాటు అని నాకు నేను చెప్పుకున్నాను. మాన్పించాను కాబట్టి లేనట్టే అనుకున్నాను. లేని ముల్లు చెప్పినందుకు అయిదేళ్ళ పిల్లకు వాక్యం అప్పజెప్పించిన నేను, ఉన్నదాన్ని లేదని చెప్పి ఎర్రబస్సెక్కి ఇంటికొచ్చాను. ఆ ఆదివారం సంఘంలో నిలబడి, చిన్న రంధ్రమే, మూసుకుపోతుందట అని కృతజ్ఞత చెల్లించాను కూడా. అందరూ స్తోత్రం అన్నారు. వదిన తల దించుకుని ఉంది. భక్తితో అనుకున్నాను.

ఆరు నెలలకు వదిన కామారెడ్డి పోదామంది. కోతల కాలం. "పిల్ల మంచిగనే ఉన్నది గద వదినె," అన్నాను. ఆ తర్వాత నాకు గాంధారి వైపు బడిలో ఉద్యోగం వచ్చింది. నేను వారానికోసారి వచ్చేదాన్ని. వదిన మళ్ళీ అడగలేదు.

పిల్లకు ఎనిమిదేళ్ళప్పుడు, బడి ప్రార్థనలో నిలబడి ఉండగా పడిపోయింది. మొహం మొత్తం నల్లబడిందట. తెలివి వచ్చాక కుడిచెయ్యి లేవలేదు. పలక కిందపడితే ఎందుకు తీసుకోలేకపోతోందో ఆమెకే అర్థం కాలేదట. అన్న హైదరాబాద్ తీసుకుపోయాడు. నేనూ వదినా వెంట వెళ్ళాం.

అక్కడ పెద్దాస్పత్రిలో చూసినావిడ నడివయసు డాక్టరమ్మ. పరీక్షలన్నీ చేశాక వదిన చీరకొంగులోంచి కామారెడ్డి చీటీ తీసి ఇచ్చింది. మూడేళ్ళు ఆమె దాన్ని దాచిందని నాకు తెలియదు. డాక్టరమ్మ చదివి మొహం చిట్లించింది. "కూర్చోవడం లేదు అని రాసి ఉంది. ఇంత జబ్బున్న పిల్ల కూర్చోకుండా ఎలా ఉంటుంది? ఎవరు చెప్పారిది?"

మంచం మీద నుంచి పిల్ల చెప్పింది.

"నేను కూసుంటుంటి. అత్త కూసోవద్దన్నది. దేవునికి మర్యాద గాదని."

చాడీగా చెప్పలేదు. నేర్చుకున్న పాఠం అడిగితే చెప్పినట్టు చెప్పింది. నేను నేర్పిన పిల్లల్లో ఆమె తెలివైనది.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. గుండెలో రంధ్రం ఒకటే కాదు, ఊపిరితిత్తులకు పోయే దారి కూడా పుట్టుకతోనే ఇరుకు. నడిస్తే చెడు రక్తం మంచి రక్తంలో కలిసి పిల్ల నీలమవుతుంది. గొంతుకూర్చుంటే కాళ్ళలో నాళాలు నొక్కుకుపోయి, ఊపిరితిత్తుల వైపు రక్తం ఎక్కువగా పోతుంది. "ఇది ఎవరూ నేర్పరు. ఇలాంటి పిల్లలు తమంతట తామే కనిపెట్టుకుంటారు. ఏ భాష పిల్లలైనా సరే," అంది. అప్పుడే వచ్చి ఉంటే అని వదిన అడగబోయింది. చెయ్యి సంగతి ఖాయంగా చెప్పలేను, రక్తం చిక్కబడి తలలో గడ్డకట్టింది, అప్పుడే వచ్చి ఉంటే బాగుండేది అని మాత్రం అంది. ఆ మాటలో దయ ఉంది. దయ ఉన్న మాటలనే నేను ఎక్కువ కాలం మోశాను.

మనిషి శరీరం దేవుని చేతిపని అని ఎన్నిసార్లు చెప్పానో నేను ఆ పిల్లలకు. ఆయనే ఆ పిల్ల శరీరంలో ఒక మందు పెట్టాడు. దాన్ని నేను ఆయన పేరు మీదే చెవి మెలేసి లాగేశాను.

ఆపరేషన్ దక్షిణాదిన ఒక మిషన్ ఆస్పత్రిలో జరగాలని రాసిచ్చారు. అక్కడి నుంచి వంతు వచ్చేసరికి ఏడెనిమిది నెలలు పట్టింది. అన్నా వదినా తీసుకుపోయారు. నన్ను రమ్మని ఎవరూ అనలేదు, వద్దని కూడా అనలేదు. ఆపరేషన్ రోజు మధ్యాహ్నం నేను మందిరానికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. మోకరించబోయి ఆగాను. గోడ పక్కన, నేల మీద గొంతుకూర్చున్నాను. మోకాళ్ళ మీద గదువ ఆనించాను. జీవితంలో మొదటిసారి ఆ నాలుగు గోడల మధ్య అట్లా కూర్చున్నాను. ఏమీ అడగలేకపోయాను. బాపు ఏదో పని మీద వచ్చి, తలుపు తీసి, నన్ను చూసి, తలుపు దగ్గరకు వేసి వెళ్ళిపోయాడు.

పిల్ల బతికింది. తిరిగొచ్చిన రోజు ఖాలా ఆమె చేతులు ఎండకు పట్టి గోళ్ళు చూసి, "గులాబీ రంగొచ్చింది బేటీ, నేరేడుపండ్లు బంద్," అంది. అంతా నవ్వారు. ఎడమచెయ్యి చూసి అన్న మాట అది. కుడిచెయ్యి ఒడిలో ఉంది. ఆ చేతి గోళ్ళు కూడా గులాబీ రంగే. వేళ్ళు మాత్రం ముడుచుకునే ఉన్నాయి.

ఆమె పరిగెత్తింది, ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది, పదో తరగతి పాసైంది. తొంభైల మొదట్లో బాపు ఆమెకు సంఘంలో పూర్తి సభ్యత్వం ఇచ్చాడు. మొదటిసారి రొట్టె తీసుకునే ఆదివారం తెల్లచీర కట్టుకుని వరుసలో నిలబడి ఎడమచెయ్యి చాపింది. పక్కనున్న సంఘపెద్ద, వేరే ఊరి నుంచి కొత్తగా వచ్చినాయన, మెల్లగా అన్నాడు: "కుడిచెయ్యి పట్టు బిడ్డా. దేవుని ముందర."

ఆమె ఎడమచెయ్యి దించింది. దానితో కుడి మణికట్టు పట్టుకుని, ఆ చేతిని పైకెత్తి, ముడుచుకున్న వేళ్ళను బాపు ముందు పట్టింది. బాపు రొట్టెను ఆ వేళ్ళ సందులో పెట్టాడు. నేను రెండు అడుగుల దూరంలో ఉన్నాను. ఆ పెద్దమనిషికి ఒక్క మాట చెప్పవలసింది నేనే. ఇదంతా ఎట్లా జరిగిందో అందరి ముందు ఒప్పుకోవడానికి అంతకంటే తగిన చోటు మా సంఘంలో లేదు. నేను కళ్ళు మూసుకుని పాట అందుకున్నాను.

ఆ మధ్యాహ్నం వదిన చాటలో బియ్యం ఏరుతుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. పద్నాలుగేళ్ళు ఆలస్యంగా చెప్పాను. ఆ రోజు కామారెడ్డిలో నేను తెలిసే అబద్ధమాడానని, మెట్ల దగ్గర పిల్ల కూర్చోవడం నేను చూశానని.

వదిన చేతులు ఆగలేదు. "నాకెర్కే గద. నేను ఎత్తుకుంటి గద," అంది. ఇంకో పిడికెడు గింజలు ముందుకు లాక్కుని, "నేను గూడ నోరు తెర్వకపోతి. నువ్వు సదువుకున్నదానివి, అయ్యగారి బిడ్డవు, నీకంటె నాకేమెర్క అనుకున్న. గా చీటీ మాత్రం పారెయ్యబుద్ధి గాలె. ఎన్నడన్న ఎవరన్న అడుగుతరని," అంది.

నన్ను క్షమించానని ఆమె అనలేదు. నేను అడగలేదు కాబట్టి కావచ్చు. ఎట్లా అడగాలో నాకు ఇప్పటికీ తెలియదు. పాపం ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడని నమ్ముతాను, ఎన్నో ఇళ్ళల్లో ఆ మాట చెప్పి మనుషులను ఓదార్చాను. కానీ ఆ క్షమాపణలో చెయ్యి తిరిగి రాదు. ఆ సంగతి వాళ్ళకు చెప్పడం మాత్రం నాకెప్పుడూ నోరాడలేదు.

పిల్ల గడపలో నిలబడి అంతా విన్నట్టుంది. వచ్చి నా పక్కన కూర్చుంది. బాసింపట్టు వేసుకుని, నేను నేర్పినట్టే.

"నాకు యాదికున్నది అత్తా. గట్ల కూసుంటె మంచిగనిపిస్తుండె," అంది. "నువ్వు తిడ్తవని ముల్లు అంటుంటి. నువ్వు గూడ కూసొని నా కాలు వట్టుకొని ఎతికెటిదానివి. గది ఇంకా మంచిగనిపిస్తుండె."

వదిన చాట మీద నుంచి ఒక రాయి ఏరి వాకిట్లోకి విసిరింది. పిల్ల ఎడమచెయ్యి చాపి నాలుగు బియ్యపుగింజలు నోట్లో వేసుకుంది.